వేలు అందేదాకా

ముల్లంగి పీపా మీద రాయి మళ్ళీ ఎత్తిపెట్టానో లేదో, పెట్టే ఉంటాను, ఆ పని చేతులకే తెలుసు, అయినా పొద్దున ఈ కుమగాయ్ తుపాకుల కొట్టుకి తేవడానికి నాలుగు ముల్లంగులు తీసి కాగితంలో చుడుతూంటే షోజి వెనకే నించుని పద పద అని తరిమాడు కదా, ఆ తొందరలో మర్చిపోయి ఉంటే మూత తేలిపోయి పైనున్న తవుడంతా ఎండిపోతుంది, ఎండితే ఎండనీ, ఇవాళ పీపా సంగతి కాదు, ఇవాళ ఈ బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి కుమగాయ్ పక్కపక్కనే పడుకోబెట్టిన రెండు రైఫిళ్ళ సంగతి, అనుకుంది కిసా, అనుకుంటూనే చూపుని ఎడమవైపు నల్లటి కొత్తదాని మీద ఆనించింది, కుడివైపుకి పోనివ్వలేదు, కుడివైపుది నాన్నది, అటు చూస్తే ఇంక దేన్నీ సరిగ్గా చూడలేనని భయం, కిటికీ నయం, కిటికీలోంచి బయటికి చూసింది.

బయట కరిగే మంచు బురదలో చిన్న ట్రక్కు, దాంట్లో సీటు వెనక్కి వాల్చి, బూట్లు విప్పి, కాళ్ళు అద్దానికి ఆనించి రేడియోలో బేస్‌బాల్ వింటున్న మొగుడు షోజి, దారంతా ఒకటే గోల, అరవై దాటిన ఆడదానికి రైఫిలేమిటే, ఆ డబ్బు పెడితే మంచు తోసే మిషనొస్తుంది, నా నడుమన్నా దక్కుతుంది, అంటే తను, నీ నడుము మంచు తోసి వంగిందా, పచింకో జూదం కొట్టులో స్టూలు మీద కూర్చుని వంగిందా, ఊరంతా తెలిసిన సంగతేగా అంది, కాని ఇలాంటి మహానుభావుడే, పోలీసు ఇంటికొచ్చి మీ ఆవిడ తాగుతుందా, కోపం ఎక్కువా, తుపాకీ ఇస్తే మీకేమన్నా అభ్యంతరమా అని అడిగినప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, అయ్యా, రోజూ నాతో పోట్లాడుతుంది, ఇన్నేళ్ళలో చెంచా కూడా విసరలేదు, ఇచ్చెయ్యండి అన్నాడు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ నవ్వుతోనే పదేళ్ళు గడిచాయి, రైఫిల్ చేతికి రావాలంటే ముందు పదేళ్ళు రవ్వల తుపాకీతో మాట పడకుండా ఉండాలి, ఉంది, ఏటా తనిఖీకి తీసుకెళ్ళింది, బీరువా తాళం మెళ్ళో వేసుకుని పడుకుంది, రోడ్డుపక్క అంగట్లో పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ అమ్మిన డబ్బు టీ డబ్బాలో వేస్తూ పోయింది, ఆ డబ్బా ఇప్పుడు ఒళ్ళో ఉంది, చేతులు రెండూ దాని చుట్టూ ఉన్నాయి.

ఇటు చూడు పిన్నీ, అని కుమగాయ్ రెండు తూటాలు తెచ్చి గుడ్డ మీద నిలబెట్టాడు, వాళ్ళ నాన్న ఉన్న రోజుల్లో ఈ కొట్టులోనే చీమిడి ముక్కుతో తిరిగిన పిల్లాడు, వీడికీ బట్టతల వచ్చింది చూడు, ఈ పొట్టిది త్రీ నాట్ ఎయిట్ పిన్నీ, కొత్తదానిది, ఈ పొడుగుది థర్టీ నాట్ సిక్స్, మీ నాన్నదానిది, గుండు లావు రెంటికీ ఒకటే, తేడా అంతా వెనక కూరే మందులో ఉంది, మందు ఎక్కువైతే దెబ్బ గట్టిది, ఎదురున్నదానికే కాదు పిన్నీ, వెనకున్న భుజానికి కూడా, ఆ ఏడు ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారిపడి మెడకింద ఎముక విరగ్గొట్టుకున్నావా లేదా, అది మర్చిపోకు, మన లోయల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పొట్టిదే బోలెడు, తూటాలు చవక, ఎక్కడైనా దొరుకుతాయి, కొత్తది, తేలిక, వానకి నానదు, తుప్పు పట్టదు, కాకపోతే దీనికే నీ డబ్బా ఖాళీ అవుతుంది, పైన బిగించుకునే స్కోపు వచ్చే ఏడు చూసుకోవాలి, అన్నాడు, అంతలో పొయ్యి పక్కనించి దగ్గు, పొట్టిది బోలెడట, విన్నావుటే కిసా, వీడు కొండెక్కి ఎన్నాళ్ళయిందో అడుగు, కొట్టు మెట్లెక్కితేనే ఆయాసం వీడికి, అని జింపాచి అన్న గొంతు.

జింపాచి నాన్నకి శిష్యుడు, నాన్న వెనకాల మూటలు మోస్తూ మొదలుపెట్టి, నాన్న పోయాక వేటగుంపుకి పెద్ద అయ్యాడు, గుంపు పెద్దని ఈ కొండల్లో షికారి అంటారు, ఆ షికారి కళ్ళ మీద ఇప్పుడు పాలమీగడ లాగ తెర, కంటి డాక్టరు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు, ఈ నెలాఖరుకి లైసెన్సు అయిపోతుంది, అందుకే పొద్దున కొడుకు కారులో ఆ కుడివైపు తుపాకీ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు, దీనికి నాకేం ఇవ్వొద్దు కిసా, ఓ సాకే సీసా కొనిపెట్టు చాలు, నువ్వు వద్దంటే మాత్రం ఇంక అడిగేవాళ్ళు లేరు, గుంపులో మిగిలిన ముగ్గురికీ ఎవరి తుపాకీ వాళ్ళకుంది, కుర్రాళ్ళా, టోక్యో రైలెక్కేశారు, ఈ కుమగాయ్ దీన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి ఇనుము కోసే మిషను కింద పెడతాడు అన్నాడు, కుమగాయ్ తల దించుకుని, నాకేం సరదానా తాతా, రూలు అది అన్నాడు, డబ్బాలో డబ్బు డబ్బాలోనే మిగులుతుంది, స్కోపు వస్తుంది, తూటాలొస్తాయి, షోజి మంచు మిషను కూడా సెకండ్ హ్యాండుది వస్తుందేమో, ఇంతకంటే చవక బేరం ఎక్కడ దొరుకుతుంది, అయినా చెయ్యి అటు పోదేం, తల తిప్పకపోయినా వాసన వస్తోంది, నువ్వుల నూనెలో పొగ కలిసినట్టుండే ఆ వాసన, నాన్న తుపాకీకి మామూలు నూనె రాసేవాడు, పొగ మాత్రం ఇంటిది, ముల్లంగి దండల పొగ, ఇన్నేళ్ళయినా కట్టెలోంచి పోలేదు.

వేట కాలం అయిపోయిన మర్నాడు ఇల్లు వేరేలా ఉండేది, నాన్న పొయ్యిగుంట పక్కన చాప పరిచి తుపాకీ విప్పేవాడు, తుడిచేవాడు, బిగించేవాడు, అమ్మ ఆ పూటంతా అటు తొక్కేది కాదు, అంతా అయ్యాక నాన్న అటూ ఇటూ చూసి, కిసా ఇలా రా అని, ఆమె కుడి మోచెయ్యి వంచి, ఆ మడతలో తుపాకీ మడమ, అదే భుజానికి ఆనే కట్టె చివర, ఆనించి, గొట్టం తను మోస్తూ, ఏదీ, వేలు చాపు, మీటకి అందిందా అనేవాడు, అందేది కాదు, ఎంత చాచినా గాలి, సరే, అందేదాకా పెరుగు, అందిన రోజున కొండకి తీసుకెళ్తా, అదే మాట, ఏడాదికి ఒక్కసారి వినే మాట, ఆ మాట పట్టుకుని తను చేసిన పిచ్చి పనులు ఒకటా రెండా, తలుపు పై కమ్మీ పట్టుకుని చేతులు సాగుతాయని వేలాడేది, అమ్మ చూసి, దండలు కట్టడానికి చోటు లేక నేను చస్తుంటే నువ్వొకదానివి వేలాడతావేం, నిన్ను కూడా పొగబెట్టమంటావా అనేది, రాత్రుళ్ళు చెయ్యి దుప్పట్లోంచి బయటికి చాపి పడుకునేది, వంచి పడుకుంటే ఎదగదని, చలికి వేళ్ళు నీలం రంగుకి తిరిగేవి, బళ్ళో మాస్టారు బోర్డు మీద ఏం రాశారో ఒక్క ముక్క గుర్తులేదు కాని ఏ ఏడు తన వేలికీ మీటకీ మధ్య ఎంత గాలి ఉందో ఇప్పటికీ చెప్పగలదు, ఓ ఏడు బొటనవేలంత, ఓ ఏడు చిటికెనవేలంత, ఓ ఏడు సోయాగింజంత.

ఆ సోయాగింజంత మిగిలిన ఏడే తెలివి పుట్టింది, గోరు పెంచింది, శీతాకాలం అంతా ఆ ఒక్క వేలి గోరు ఎక్కడా విరగకుండా గిన్నెలు ఎడంచేత్తో కడిగింది, వసంతం వచ్చి తుపాకీ మోచేతిలో ఆనితే గోరు చివర మీటకి టిక్కున తగిలింది, అందింది నాన్నా, అందింది, నాన్న వంగి చూసి అంత గట్టిగా నవ్వడం తనెప్పుడూ వినలేదు, గోరుతో మీట నొక్కుతావుటే, అని జేబులోంచి చాకు తీసి ఆ గోరు తనే కోశాడు, వేలు పట్టుకుని, ఎంత మెల్లిగా కోశాడని, ఆ చేతి గరుకు ఇదిగో ఇప్పటికీ ఈ వేలికి తెలుస్తోంది, పై ఏడు పిలవలేదు, తుడిచాడు, బిగించాడు, గోడకి తగిలించాడు, అటూ ఇటూ చూడలేదు, కిసా ఇలా రా అనలేదు, తను గుమ్మంలో నించుని ఉంది, పొడుగైంది, జడ వేసుకుంది, అమ్మ చాటుగా చెప్పింది, నువ్వింక పెద్దదానివయ్యావు, కొండతల్లి ఆడమనిషి, తన చోటుకి ఇంకో ఆడది వస్తే ఓర్చుకోలేదు, మంచు మీద పడేస్తుంది, మగవాళ్ళ ప్రాణాలకి ముప్పు, మళ్ళీ దాన్ని ముట్టకు, అంది, అంతే, ఆ రోజు నుంచి గోడ మీద తుపాకీ గోడ మీదే, తను కింద.

కొండతల్లి మొహం బాగోదట, అందుకే నాన్న ఎండబెట్టిన వికారపు చేప ఒకటి కాగితంలో చుట్టి గుండెల దగ్గర పెట్టుకుని వెళ్ళేవాడు, తనకంటే అందవికారమైనది చూసి ఆ తల్లి నవ్వుకుంటుందని, నవ్వితే వేట దొరుకుతుందని, ఎన్నిసార్లు ఆ చేప కాగితం మార్చిందో తను, చేపగా పుట్టినా బాగుండేది కొండకి వెళ్ళేదాన్ని అనుకుంటూ, పెళ్ళయింది, పిల్లలయ్యారు, చేను, పీపాలు, పొగ, నాన్న పోయాడు, పోయిన వారానికే పోలీసులు వచ్చి లైసెన్సు లేని ఇంట్లో తుపాకీ ఉండకూడదన్నారు, జింపాచి అన్న తన కాగితాల మీద రాయించుకుని పట్టుకెళ్ళాడు, ఖాళీ అయిన మేకు వైపు చూస్తూ మర్నాడే తను కొట్టుకొచ్చి రవ్వల తుపాకీకి దరఖాస్తు పెట్టింది, ఎందుకు పెట్టిందో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేది, గుంపులో నలుగురు ముసలాళ్ళు మిగిలారు కాబట్టి ఆడదైతేనేం అన్నారు, జింపాచి అన్నే అన్నాడు, ఈ వయసులో నీ మొహం చూస్తే కొండతల్లి పడీపడీ నవ్వుతుంది కిసా, ఎండుచేప ఖర్చు మిగిలింది మనకి, అని, తను కూడా నవ్వింది, ఆ నవ్వులోనే ఏడుపుంది, ఏభై దాటిన వయసులో మొదటిసారి బీచి చెట్ల కింద మంచు తొక్కింది.

తొక్కిన మాట నిజమే, కాని తన చోటు ఎప్పుడూ లోయ అడుగునే, కింద నుంచి అరుస్తూ తోలడం, హోరే హోరే అని గొంతు చిరిగేలా, పైన గట్టు మీద కాపు చోటులో రైఫిల్ పట్టుకుని దగ్గకుండా తుమ్మకుండా నించునేది జింపాచి, అంతకుముందు నాన్న, ఆ చోట ఒక బీచి చెట్టు మానుకి భుజం ఎత్తులో బెరడు నున్నగా అరిగిపోయి ఉంటుంది, నాన్న వీపు ఆనించీ ఆనించీ అరిగిందది, తిరిగొచ్చేటప్పుడు ఎవరూ చూడకుండా దాని మీద చెయ్యి పెట్టి వస్తుంది తను, అక్కడ వీపు ఆనించి ఒక్క పొద్దు నించోవాలి, ఆయన చూసిన లోయ అక్కడి నుంచి చూడాలి, అంతే, ఇంకేం వద్దు, పోయిన వసంతంలో తను కిందనించి అరుస్తూంటే అది లేచింది, చలికాలమంతా గుహలో పడుకుని లేచేది, వేటగాళ్ళు దాని పేరెత్తరు, దాన్ని కొట్టులో కూడా పేరు పెట్టి అనదు తను, నల్లగా, తీరిగ్గా అవతలి గట్టున మంచు చారికల మీద నడిచింది, పైన జింపాచి అన్నకి మసక, ఎక్కడే ఎక్కడే అని అడుగుతున్నాడు, తన చేతిలో రవ్వల తుపాకీ, సగం లోయ కూడా దాటదు దాని దెబ్బ, అది ఆగి, వెనక్కి తిరిగి ఒకసారి చూసి, వెళ్ళిపోయింది, దాన్ని పోగొట్టుకున్నందుకు కాదు ఆ రాత్రి నిద్ర పట్టనిది, కాపు చోటు ఖాళీగా ఉందే అని.

పట్టి చూడు పిన్నీ, చూస్తూ కూర్చుంటే ఎలా, అని కుమగాయ్ కొత్తదాన్ని ఎత్తి ఆమె మోచెయ్యి వంచాడు, మడతలో మడమ ఆనించాడు, ఆ పద్ధతే, అచ్చం ఆ పద్ధతే, వేలు చాపింది, ఏ కష్టం లేకుండా మీట చుట్టూ తిరిగింది, ఆడవాళ్ళ చేతికని చేసింది పిన్నీ ఇది, కుట్టించుకున్నట్టు లేదూ అన్నాడు వాడు, ఉంది, కుట్టించుకున్నట్టే ఉంది, దువ్వెన పట్టుకున్నట్టు తేలిగ్గా ఉంది, ఏమీ అనిపించలేదు, రెండోది చూడవే అంది పొయ్యి దగ్గర గొంతు, ఇంక తప్పదు, తిరిగింది, వాల్‌నట్ కట్టె నల్లబడి, నాన్న బుగ్గ ఆనేచోట మెరుస్తూ, బరువు, కుమగాయ్ గొట్టం మోశాడు, మడమ మోచేతి మడతలో కూర్చుంది, ఏదీ, వేలు చాపు, ఎవరన్నారు ఆ మాట, ఎవరూ అనలేదు, చాపింది, గాలి, ఇంకా చాపింది, భుజం జార్చింది, ఊపిరి బిగబట్టింది, అందలేదు, సోయాగింజంత కూడా కాదు, వయసు మీద పడి తను కూడా కుంగింది కాబోలు, నిండా రెండు గింజలంత గాలి, అరవై ఒకటో ఏట కూడా ఇంకా పెరగాలట, ముక్కు మండింది, కళ్ళు మండాయి, ఇంత దూరం వచ్చి, ఇన్ని పీపాలు ఊరబెట్టి, గుమ్మంలో జడేసుకుని నించున్న పిల్ల దగ్గరికే తిరిగొచ్చింది, ఇంతేలే, దీన్ని మిషను కింద పెట్టు, ఆ నల్లదే ఇచ్చెయ్యి అనబోయింది, నోటి దాకా వచ్చింది.

దీనికి అంత దిగులు మొహమెందుకు పిన్నీ, కోస్తే సరి, అన్నాడు కుమగాయ్, తవుడు చేటలో చెరిగినంత మామూలుగా, కట్టేగా, మడమ దగ్గర అంగుళన్నర రంపంతో తీసి, రబ్బరు పట్టీ ఒకటి బిగిస్తాను, నీ ఎముకకి దెబ్బ కూడా తగ్గుతుంది, ఇంకా కావాలంటే మందు తగ్గించిన తూటాలున్నాయి, నువ్వు టీ తాగేలోపు అయిపోతుంది, అన్నాడు, కొయ్యడమా, ఎవరెవరి తుపాకులో ఈ కొట్టులోనే కోయించుకోవడం చూసింది తను, గుంపులో పొట్టి హెయిజో తుపాకీ కోసిందే, అయినా దీన్ని కొయ్యొచ్చని ఒక్కనాడు తట్టలేదు, గుడి గడప ఎత్తుగా ఉందని గడప కొయ్యాలని ఎవరికి తడుతుంది, కాలు ఎత్తుతాం గాని, అలాగే, తను చెయ్యి సాగదీసింది, మరి నాన్నకి తట్టలేదా, తను ఆలుగడ్డ చేలోకి మొదటిసారి వచ్చినప్పుడు పార పిడి పొడుగైందని అక్కడికక్కడే మోకాలి మీద పెట్టి కోసి ఇచ్చాడు నాన్న, మంచులో నడిచే చెక్కజోళ్ళు సగానికి చిన్నవి చేశాడు, భోజనం చాపస్టిక్కులు కూడా కోశాడు, ఏది పొడుగైనా నాన్న చెయ్యి రంపం మీదికే పోయేది, ఆ రంపం ఎక్కడుండేది, తుపాకీ పక్క మేకుకే కదా, ఒకే గోడ, జానెడు దూరం, ఒక్కదానికే రంపం లేదు, ఒక్కదానికే పెరుగు అన్నాడు, తెలిసే అన్నావా నాన్నా, అందదని తెలిసే ఏటా పిలిచి చెయ్యి వంచావా, అని లోపల ఏదో భగ్గుమంది, ఇన్నేళ్ళలో నాన్న మీద కోపం రావడం ఇదే మొదలు, అదే మంట మీద మళ్ళీ ఏదో తడి, తెలిసినా పిలిచాడుగా, అమ్మ కన్ను కప్పి అటూ ఇటూ చూసి మరీ పిలిచాడుగా, తీసుకెళ్ళలేనని చెప్పలేక, తీసుకెళ్ళాలనే కోరిక మానుకోలేక, ఏడాదికి ఒక్క నిమిషం కొండ మొత్తం తెచ్చి తన మోచేతిలో పెట్టి వెనక్కి తీసుకునేవాడు, ఆయనకీ అందలేదు, ఆయన వేలికీ ఏదో గాలి అడ్డం ఉంది.

రంపమా, అని పొయ్యి దగ్గర స్టూలు కిర్రుమంది, మా గురువు యొసబురో తుపాకీకి రంపం పెడతావుట్రా బట్టతల వెధవా, పదేళ్ళు గీత పడకుండా చూసుకున్నాను దాన్ని, నా పెళ్ళాన్ని కూడా అంత చూసుకోలేదు, అది పట్టుకుని వచ్చింది కొయ్యడానికా, అని జింపాచి లేచి తడుముకుంటూ వస్తున్నాడు, తాతా ఆగు, నాకేం, ఆవిడదే ఇష్టం అని కుమగాయ్ రెండు చేతులూ ఎత్తేశాడు, ఇద్దరూ తన వైపు తిరిగారు, కొయ్యి, అంది కిసా, ఏంటీ, కొయ్యమన్నానన్నా, కోస్తే అది మీ నాన్నది కాకుండా పోతుందే పిచ్చిదానా, పోతే పోనీ అన్నా, మిషను కింద పెడితే ఉంటుందా, మా నాన్న నా పార కోశాడు, జోళ్ళు కోశాడు, చివరికి నా గోరు కూడా కోశాడు, ఇదొక్కటే మిగిల్చాడు, ఇది నన్ను కోసుకోమనే మిగిల్చాడేమో నాకేం తెలుసు, అంది, ఆ చివరి మాట అబద్ధమే, అలా మిగిల్చి ఉండడు, ఆ సంగతి తనకీ తెలుసు, జింపాచికీ తెలుసు, ముసలాయన ముక్కు చీదాడు, బల్ల అంచు పట్టుకుని చేత్తో తడిమి గొట్టం దొరికించుకున్నాడు, రెండు చేతులా గట్టిగా బిగించి పట్టుకున్నాడు, పెద్ద పళ్ళ రంపం వద్దురా, కట్టె చీలుతుంది, సన్న పళ్ళది తే, ముందు టేపు చుట్టు, నేను పట్టుకుంటా, కదలనివ్వను, కళ్ళు పోయాయి గాని చేతులు పోలేదు నాకు అన్నాడు.

చెయ్యి పెట్టు పిన్నీ అని కుమగాయ్ మళ్ళీ మోచెయ్యి వంచి, ఈసారి కట్టెని మోచేతి మీదినించి వెనక్కి జరుపుకుంటూ పోయాడు, జరుగుతున్నకొద్దీ మీట దగ్గరకొస్తోంది, తను చాచడం లేదు, అదే వస్తోంది, చల్లటి ఇనుము వేలి మొదటి గణుపు కింద మెత్తగా ఆనింది, అక్కడ అన్నాడు వాడు, పెన్సిల్ గీత గీశాడు, రంపం మొదలైంది, సన్నటి పొట్టు రాలుతోంది, ఎర్రగా, ఆ పొట్టులోంచి పొగ వాసన లేచింది, లోపలి కట్టెలో దాక్కున్న నలభై శీతాకాలాల పొగ ఒక్కసారి కొట్టంతా నిండింది, తలుపు తోసుకుని షోజి వచ్చాడు, ఇంకెంతసేపే, మ్యాచ్ కూడా ఓడిపోయాం అంటూ, వచ్చి చూసి నోరు తెరిచి, కొత్తది కొంటానని వచ్చి ఉన్నదాన్ని నరికిస్తున్నావేమే అన్నాడు, ఆ మాటకి జింపాచి నవ్వాడు, నవ్వితే గొట్టం ఊగింది, ఊపకు తాతా గీత తప్పుతుంది అని కుమగాయ్ అరిచాడు, తెగి బల్ల మీద పడిన ఆ ముక్కని కిసా తీసి అరచేతిలో పెట్టుకుంది, నాన్న భుజం అరగదీసిన ముక్క, బీచి చెట్టు మాను లాగే నున్నగా ఉంది, అంగుళన్నర, ఇంతే, కమ్మీ పట్టుకుని వేలాడిందీ, చలిలో చెయ్యి చాపి పడుకుందీ, గోరు పెంచిందీ ఇంత ముక్క కోసమే, ఇదా అడ్డం ఉన్నది అని దాన్నే చూస్తూ ఉండిపోయింది, వేలు దానంతట అదే మడుచుకుంది, చాచుకుంది, ముసలిదైంది గాని మంచి వేలు, మంచి చెయ్యి, ఎప్పుడూ మంచిదే, తన చెయ్యి ఏనాడూ పొట్టిది కాదు, తుపాకీయే పొడుగు.